కొండ కింద కూర్చున్న మనిషి

నోంగ్ సాయ్ గ్రామం,
ఆగస్టు 18, 1988

తమ్ముడు థన్వాకు,

త్రిరత్నాల చల్లని నీడ నిన్ను విడవకుండా ఉండాలని పెద్దక్క బువాపన్ కోరిక.

నీ కవరు వచ్చిన రోజు పొద్దున ఏ విశేషమూ లేదు. రాత్రి నానబెట్టిన జిగురు బియ్యం వెదురు బుట్టలో పోసి ఆవిరికి పెట్టాను. వాన వెలిసినా చూరు నీళ్లు ఇంకా కారుతున్నాయి. చెల్లి సమ్లీ పొయ్యి ఊదుతూ కళ్లు తుడుచుకుంటోంది. పొగకో, మరి దేనికో, నేను అడగలేదు. దాని కూతురు ఇమ్ కోడిపిల్ల ఒకటి తప్పిపోయిందని ఏడ్చింది. అది గంప కింద దొరికాక దాన్ని కూర్చోబెట్టి బుద్ధులు చెప్పింది. భిక్షువులు వచ్చే వేళకు ముగ్గురం తడి నేల మీద చాప వేసుకుని మోకాళ్ల మీద కూర్చున్నాం. తలో ముద్దా పాత్రల్లో వేశాం. ఆచార్యులవారి కాలికి పుండు ఇంకా మానలేదు.

వాళ్లు వెళ్లగానే ఫాయ్ వాళ్లమ్మ వచ్చింది. బుగ్గన వక్కాకు. మెట్ల దగ్గరే నిలబడి అడిగింది.

"ఏమే బువాపన్, ఖావ్ సాక్ పున్నమి దగ్గరకొస్తోంది. పోయినవాళ్లకు అన్నం పొట్లాలు కట్టించేటప్పుడు చీటీ మీద వాడి పేరు నువ్వు రాయిస్తావా, నన్నే గుడికి పొమ్మంటావా?"

"ఎవరి పేరు అత్తమ్మా?" అంది సమ్లీ, పొయ్యి దగ్గరి నుంచి లేవకుండానే.

"తెలియనట్టు అడుగుతావేం? నా కొడుకు పేరే. దిక్కులేని చోట పోయాడు. ఏడాదికొక్క ముద్దన్నా అందకపోతే ఆకలితో తిరుగుతాడు."

"బతికున్న మొగుడి పేరు చచ్చినవాళ్ల పొట్లం మీద రాయించుకోను. రాస్తే చింపేస్తాను. గుళ్లో అయినా సరే."

"బతికుంటే ఉత్తరమేదీ?"

సమ్లీ మళ్లీ పొయ్యి ఊదింది.  నీకు తెలిసిందే కదా. కోతలయ్యాక ఊరంతా చేరి, ఒంట్లోని ఆత్మలు చెదరకూడదని పిలిచి, ఫాయ్ చేతులకు నూలు దారాలు కట్టి సౌదీకి సాగనంపాం. మళ్లీ కబురు లేదు. ఆ దేశం నుంచి తిరిగొచ్చిన పక్క ఊరివాళ్లు ఆ పేరుగలవాడు తమ శిబిరానికి రానేలేదన్నారు. ఎడారిలో ఏదో బస్సు బోల్తా పడిందని ఇంకొకరన్నారు. తల్లి ఆ బస్సునే నమ్మింది.

వాళ్లిద్దరూ ఇలా ఉండగా పోస్టు మనిషి నువ్వు తీసిన ఫోటో తెచ్చాడు. మీ పట్నంలోని బంగారు కొండ గుడి బాగుంది. పైన చైత్యం పుత్తడి గిన్నె బోర్లించినట్టుంది. కాలవ నీళ్లు మీగడ కట్టినట్టున్నాయి. "అంత పట్నంలో ఒక్క మనిషీ లేడేమిటి, భయమేస్తోంది" అంది సమ్లీ.

నాకు ఒకడు కనబడ్డాడు. కింద, వంతెన పక్కన, నీళ్లలోకి దిగే మెట్టు మీద. అతను ఎవరు? ఆ భాగం పెద్దది చేసి పంపగలవా?

చీకట్లో గడియారం కనబడక బుద్ధుడి ఇతిపిసో స్తోత్రం చదువుతూ ఫోటోకి సమయం లెక్క చూసుకుంటున్నానని రాశావు. మాటలు మింగకుండా చదువు.

పెద్దక్క

*

బ్యాంకాక్,
ఆగస్టు 24

పెద్దక్కా, వంగి దండాలు!

ఇది నిలబడి రాస్తున్నాను. కూర్చుంటే మా స్టూడియో యజమాని ఏదో పని చెబుతాడు. పొద్దుటి నుంచీ పాస్‌పోర్టు ఫోటోలే. అందరూ మన వైపు వాళ్లే. వచ్చినవాడల్లా కుర్చీలో బిగుసుకుని కూర్చుని "సౌదీకి సరిపోయే మొహం తియ్యి తమ్ముడూ" అంటాడు. "కదలకు అన్నా" అనీ అనీ నా నోరు పడిపోయింది. అందుకే సాయంత్రం అయితే చాలు, మూడుకాళ్ల స్టాండు భుజాన వేసుకుని కాలవ ఒడ్డుకు పారిపోతాను.

నీ కంటికి దొరికిపోయాను. ఆ మచ్చ నేనూ చూశాను. చూసీ, ఎవరూ పట్టించుకోరులే అని పంపాను. పెద్దక్క పట్టించుకుంటుందని మరిచిపోయాను!

అసలు కిటుకు చెబుతా విను. కెమెరా కటకం మూత తెరిచి, రెండు సార్లు ఇతిపిసో చదివేదాకా తెరిచే ఉంచుతాను. ఆ లోపల వంతెన మీద వందల మంది నడుస్తారు. ఒక్కడూ ఫిల్ము మీద పడడు. నడిచేవాడు ఏ చోటా నిలవడు కదా, వెలుగుకి వాణ్ణి పట్టుకునే వ్యవధి ఉండదు. కారు దీపాలు వస్తే నా టోపీ అడ్డం పెడతాను. చివరికి కొండ, గుడి, నీళ్లు మిగులుతాయి. ఈ పట్నం జనాన్నంతా ఊడ్చేశానన్నంత హాయిగా ఉంటుంది నాకు.

ఆ మెట్టు మీదివాడు మాత్రం చచ్చినా కదలడు. వాడు అక్కడున్నాడని తీసేటప్పుడు తెలియను కూడా తెలియదు. నేనుండేది అవతలి ఒడ్డున, చెట్టు చీకట్లో. కడిగాక చూస్తే తగలబడి ఉంటాడు. ఒక్క ఫోటోలో కాదు, మూడు నాలుగింటిలో ఉన్నాడు. తాగుబోతో, రాయో!

దిగులు పడకు. సన్న కుంచెతో, నల్ల సిరాతో వాణ్ణి తుడిచేశాను. కొత్త ప్రతి దీనితో పంపుతున్నా. చూడు, ఎంత శుభ్రంగా ఉందో! అచ్చాఫీసువాళ్లు వచ్చే ఏడాది క్యాలెండరులో వేస్తామన్నారు. నవంబరు నెలకట. కింద నా పేరు కూడా. సమ్లీ అక్కకు చెప్పు, ఇందులో భయపడటానికి ఏమీ లేదని.

బావ సంగతి తలచుకుంటే నాకు నిద్ర పట్టడం లేదు. ఏదైనా తెలిస్తే వెంటనే రాయి.

పరుగులో,
థన్వా

*

నోంగ్ సాయ్ గుడి,
ఆగస్టు 30

థన్వా,

ఈ రోజు అష్టశీల వ్రతం పట్టాను. తెల్ల బట్టలు కట్టుకుని గుడిలోనే ఉన్నాను. ఇంటి దగ్గర నీ ఉత్తరాలు సమ్లీయే పైకి చదువుతుంది. అందుకని ఇక్కడి నుంచి రాస్తున్నాను. నువ్వూ జవాబు ఆచార్యులవారి పేర, గుడి చిరునామాకే రాయి. ఇంటికి వద్దు.

నువ్వు తుడిచేసింది మచ్చను కాదు. ఫాయ్‌ని అనుకుంటున్నాను.

కోప్పడటం లేదు. మొదట పంపిన ఫోటోను ఆచార్యులవారి భూతద్దంతో చూశాను. కుడి మోకాలు నిలబెట్టి, దాని మీద గడ్డం ఆనించి, ఎడమ కాలు చాచి కూర్చున్నాడు. చిన్నప్పుడు గేదె మీది నుంచి పడ్డాక ఫాయ్‌కి ఆ కాలు మడవడం రాదు. తలకు గళ్ల కండువా చుట్టాడు. ముడి చెవి మీదికి వేశాడు. మన ఊరి మగవాళ్లు వెనక్కి వేస్తారు. ఫాయ్ ఒక్కడే చెవి మీదికి వేస్తాడు. పెళ్లిలో కూడా అలాగే వేస్తే సమ్లీ నవ్వింది, నీకు గుర్తుందో లేదో.

రెండు మణికట్లూ తెల్లగా ఉన్నాయి. గడియారం అంటావేమో. రెండు చేతులకూ గడియారాలు ఎవరూ పెట్టుకోరు. దారాలు అనుకుంటున్నాను. మూడు రోజులు ఉంచుకుని తీసేస్తే చాలు. ఇన్ని నెలలు ఉంచుకున్నాడంటే తియ్యడానికి అతనికి మనసు రాలేదు.

నా కళ్లు పొరపాటు పడి ఉండొచ్చు. అందుకే సమ్లీకి చెప్పలేదు. లేని ఆశ పెట్టి లాగేసుకోవడం మహాపాపం. కానీ పున్నమి సెప్టెంబరు ఇరవై అయిదున వస్తోంది. ఆ లోపు తేలకపోతే తల్లి అతని పేరు రాయిస్తుంది, పెళ్లాం చింపుతుంది. ఊరంతటి ముందు వాళ్లిద్దరి మధ్యా ఇక మాటలుండవు. బతికున్నవాడి పేర చచ్చినవాళ్ల అన్నం పెడితే అతనికేమవుతుందో నాకు తెలియదు. తెలుసుకోవాలనీ లేదు.

ఫిల్ము మీద కూడా తుడిచావా? లేకపోతే మళ్లీ చూడు. వెళ్లి మనిషిని కూడా చూడు.

బుద్ధం శరణం,
బువాపన్

*

బ్యాంకాక్,
సెప్టెంబరు 5

పెద్దక్కా,

నన్ను తిట్టు. తిడితేనే గానీ ఈ ఉత్తరం పూర్తి చెయ్యలేను.

ఫిల్ము మీద తుడవలేదు, కాగితం మీదే. నీ ఉత్తరం చదివిన ఘడియలోనే చీకటి గదిలోకి దూరి ఆ ముక్కను పళ్లెమంత పెద్దది చేశాను. మందు నీళ్లలో మొదట కండువా ముడి తేలింది, చెవి మీద. తరవాత మోకాలు. అక్కా, ఆ మొహాన్ని నేను కుంచెతో ఎంత నేర్పుగా తుడిచానో తెలుసా? ఈల వేస్తూ తుడిచాను.

ఆ సాయంత్రమే పరిగెత్తాను. చెట్టు కిందికి చేరి అవతలి ఒడ్డుకు చూస్తే నిజంగానే ఒక మనిషి ఉన్నాడు. ఇన్నాళ్లూ నేను కొండను చూశాను గానీ ఆ మెట్టును ఎప్పుడూ చూడలేదు. వంతెన చుట్టూ తిరిగి వెళ్లి ఉంటే సరిపోయేది. అంత ఓపిక నాకెక్కడిది! ఇవతల నుంచే గొంతు చించుకున్నాను. "బావా! ఫాయ్ బావా! నేనే, థన్వాని!"

అతను లేచాడు. నా వైపు చూడలేదు. ఎడమ కాలు ఈడ్చుకుంటూ పళ్ల బజారు సందుల్లోకి వెళ్లిపోయాడు. ఆ నడక చూశాక ఇక అనుమానం లేదు. వంతెన దాటి నేను వెళ్లేసరికి మెట్టు మీద తిని పడేసిన లాంగాన్ పళ్ల తొక్కలు ఉన్నాయి, అంతే.

బతికున్నాడు, అక్కా! బతికుండి మనకెందుకు చెప్పలేదు? సమ్లీ అక్క అక్కడ గాజు పెంకుల మీద కూర్చున్నట్టు కూర్చుంటే, ఈయన కాలవ గట్టున పళ్లు తింటాడా? పట్టుకుంటే ముందు రెండు వాయించి తరవాత కాళ్లకు దండం పెడతాను.

అప్పటి నుంచీ రోజూ వెళ్తున్నా. రావడం లేదు. నిన్న ఏమీ తోచక కటకం తెరిచాను. కడిగి చూస్తే మెట్టు ఖాళీ. కొండ, గుడి, నీళ్లు. నాకు కావలసింది ఈ ఖాళీయే కదా! ఇప్పుడు దాన్ని చూడలేకపోతున్నా.

పేపర్లో ఫోటో వేయించనా? మన భాష రేడియోలో పిలిపించనా? పళ్ల బజారులో గోడలకు కాగితాలు అతికించనా? స్టూడియోకి సెలవు పెట్టేస్తాను. ఏది చెబితే అది. త్వరగా చెప్పు.

థన్వా

*

నోంగ్ సాయ్ గుడి,
సెప్టెంబరు 10

తమ్ముడూ,

తిట్టను.

పేపరు వద్దు. రేడియో వద్దు. గోడల మీద కాగితాలు వద్దు. దాక్కున్నవాణ్ణి పేరు పెట్టి పిలిస్తే ఇంకా లోపలికి పోతాడు.

చెప్పకపోవడానికి అతనికేదో కారణం ఉంటుంది. అది మంచిదో కాదో మనం తరవాత చూసుకుందాం.

ఇక్కడి సంగతి. నాకు గుడికి ఉత్తరాలు వస్తున్నాయని సమ్లీకి తెలిసింది. నేను ఆచార్యులవారితో మాట్లాడటం కూడా చూసింది. ఫాయ్ పేరు రాయించే ఏర్పాటు నేనే చేస్తున్నానని అనుకుంది. నిన్న అన్నం దగ్గర అంది: "అక్కా, నువ్వు కూడా ఆవిడ వైపే చేరిపోయావా? ప్రార్థనలు చేసేవాళ్లకు మనుషుల్ని చంపడం ఎంత సులువో!" ఇమ్ నా వైపు చూసింది. నేను పచ్చి బొప్పాయి దంచుతూ పోయాను. మాట నాలుక చివరి దాకా వచ్చింది. నువ్వు అతన్ని కళ్లారా చూశావు గానీ, అతను మళ్లీ దొరకకపోతే దానికి రెండోసారి మొగుడు పోయినట్టవుతుంది.

అప్పటి నుంచి నాతో మాట్లాడటం లేదు. చాప వేరే గదిలో వేసుకుంటోంది.

అటు ఫాయ్ వాళ్లమ్మ నా మౌనాన్ని ఒప్పుకోలు అనుకుని అరటాకులు కోయించింది. "ఆకులు పెద్దవి చూసి కోయండి, వాడు తిండిపోతు" అందట.

చీకటి పడ్డాక నువ్వే ఆ మెట్టు మీద కూర్చో. కెమెరా గదిలో పెట్టి వెళ్లు. ఎవరినీ వెతకకు. అతను వస్తే పలకరించకు. లేచిపోతే వెంటపడకు. మర్నాడు మళ్లీ కూర్చో.

నీకు ఇది కష్టమని తెలుసు. చిన్నప్పుడు ధ్యానానికి కూర్చోబెడితే చీమల్ని వెంబడించి గుడి బయట తేలేవాడివి.

అక్క

*

బ్యాంకాక్,
సెప్టెంబరు 22

పెద్దక్కా,

ఈ కవరును రైలు స్టేషనులో మన ఊరి వైపు వచ్చే వాళ్ల చేతికిచ్చి పంపుతున్నా. పున్నమి లోపల అందాలి.

దొరికాడు.

నువ్వు చెప్పినట్టే కూర్చున్నాను. మొదటి రోజు దోమలు, రెండో రోజు వాన. మూడో రోజు నాకే విసుగొచ్చి లేవబోతుంటే పక్కన ఎవరో కూర్చున్నారు. కాలు చాచుకున్న చప్పుడు విని తల తిప్పలేదు. చాలాసేపు ఇద్దరం నీళ్లనే చూశాం. చివరికి ఆయనే అన్నాడు.

"నువ్వింతసేపు కదలకుండా కూర్చున్నావంటే, ఇంటి దగ్గర ఎవరో పోయారు."

"ఎవరూ పోలేదు బావా. నువ్వే పోయావు. పున్నమికి మీ అమ్మ నీకు పొట్లం కడుతోంది."

నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ మొహం కండువాలో పెట్టుకున్నాడు.

ఆయన చెప్పింది ఇది. ఏజెంటు వాళ్లందరినీ విమానాశ్రయం బయట వరసగా కూర్చోబెట్టాడు. "ఎవరూ కదలొద్దు, కాగితాలు తెస్తాను" అని వెళ్లాడు. కదిలితే వరస పోతుందని దొడ్డికి కూడా లేవలేదట. చీకటి పడింది. తెల్లవారింది. వాడు రాలేదు. "ఆ దొంగ నాకు నేర్పిన విద్య ఇదొక్కటే, బావమరిదీ, కదలకుండా కూర్చోవడం" అన్నాడు. ఇప్పుడు పళ్ల బజారులో బుట్టలు మోస్తున్నాడు. కొండ మీద గంట వినబడుతుందని సాయంత్రాలు ఇక్కడికి వస్తాడు.

"మరి ఇంటికెందుకు రాలేదు?" అన్నాను. ఎంత మెల్లగా అడుగుదామనుకున్నా గొంతు లేచింది.

చేతులు చాపి చూపించాడు. దారాలు మాసి, తెగి, మళ్లీ ముడేసి ఉన్నాయి. "ఊరంతా కట్టారురా. ముసలీ ముతకా వరసలో నిలబడి, వెళ్లి గెలిచి రమ్మని కట్టారు. మా అమ్మ పంది కోసింది. నేను వెళ్లనే లేదు. వెళ్లనివాణ్ణి ఎలా తిరిగొస్తాను? కోడి పందెంలో దిగకుండా పారిపోయిన పుంజని పిల్లలు కూడా పాట కడతారు."

"కట్టనీ. రెండు రోజులు పాడి ఊరుకుంటారు."

"నీకేం, నువ్వు పట్నంవాడివి."

 అప్పుడు చేసిన పని నువ్వు వద్దన్నదే. మర్నాడు కెమెరా తీసుకెళ్లాను. స్టాండు అవతలి ఒడ్డున పెట్టి, మూత తెరిచే పని అక్కడ టీ కొట్టు ఆవిడకు నేర్పి, నేనొచ్చి బావ పక్కన కూర్చున్నాను. "ఎందుకిది?" అన్నాడు. "నువ్వు పోలేదనడానికి" అన్నాను. "కదిలితే?" "కదిలితే ఇద్దరం పోయినట్టే."

 తరవాత తలకు కండువా సరిచేసుకున్నాడు. ఇద్దరం కలిసి ఇతిపిసో చదివాం. నేను ఒక చోట మాట మింగబోతే మోచేత్తో పొడిచాడు. అందుకే ఫోటోలో నా భుజం కాస్త చెదిరింది. ఆయన మాత్రం రాయిలా పడ్డాడు.

ఆ ఫోటో ఇందులో ఉంది. "మా అమ్మకు చూపించు, పొట్లం కట్టకుండా ఆగుతుంది. సమ్లీకి వద్దు. ఆమె ముందు ఈ మొహం పెట్టుకుని నిలబడలేను" అన్నాడు. మాట ఇచ్చాను. ఇచ్చి పొరపాటు చేశానేమో నువ్వే చెప్పు. ఇంటికి రమ్మంటే కొండకేసి చూస్తాడు తప్ప అవునూ కాదూ అనడు. నా గదికి రమ్మంటే "ఇరుకు" అంటాడు.

ఇంకోటి. అచ్చాఫీసువాళ్లు క్యాలెండరుకు శుభ్రం చేసిన ఫోటోయే కావాలన్నారు. తుడవని దాన్ని వేస్తేనే ఇస్తానన్నాను. వేరేవాళ్ల కొండ వేసుకుంటామన్నారు. వేసుకోనీ.

నాకు ఇప్పుడేం చెయ్యాలో తెలియడం లేదు. రోజూ పని కాగానే వెళ్లి ఆయన పక్కన కూర్చుంటున్నా. అంతే చేతనవుతోంది.

నీ జవాబు కోసం,
థన్వా

*

నోంగ్ సాయ్,
సెప్టెంబరు 24

థన్వాకు, అతని పక్కన కూర్చున్న ఫాయ్‌కి కూడా,

ఇంటి నుంచే రాస్తున్నాను. ఇక గుడి చిరునామాతో పని లేదు.

మీ కవరు ఈ మధ్యాహ్నం అందింది. రేపే పున్నమి. ఫాయ్ వాళ్లమ్మ మా అరుగు మీద అరటాకులు పరచి పొట్లాలు కడుతోంది. సమ్లీ లోపల తలుపు వేసుకుని ఉంది. ఫాయ్, సమ్లీకి చెప్పవద్దన్నావు. ఆ మాట థన్వా ఇచ్చాడు, నేను ఇవ్వలేదు. తలుపు తట్టి దాన్ని బయటికి పిలిచి, ఫోటో ఇద్దరి మధ్యా పెట్టాను.

ముందు మీ అమ్మ చూసింది. "ఈ బిగుసుకున్నవాడెవడు, కడుపు నొప్పా?" అంది. మా థన్వా అన్నాను. "మరి ఈ పక్కన…" అని ఆగింది. వక్కాకు ఉమ్మేసింది. ఫోటోను అరచేత్తో ఫెడీమని కొట్టింది. "దొంగ సచ్చినోడా! నీకోసం పొద్దుటి నుంచీ నా నడుం విరిగిపోయేలా పొట్లాలు కడుతున్నాను కదరా! చూడవే బువాపన్, దవడలు ఎలా లోపలికి పోయాయో. పట్నంలో అన్నం పెట్టరా?" ఆ తరవాత ఏడ్చింది. ఏడుస్తూనే నీ పేర కట్టిన పొట్లం విప్పి, అందులో అన్నం తానే తినేసింది. చేప ముక్క ఇమ్‌కి పెట్టింది.

సమ్లీ ఫోటోను గుమ్మం వెలుతురులోకి తీసుకెళ్లింది. 

"ఈ ఫోటోకి ఎంతసేపు కదలకుండా కూర్చున్నాడు?" అంది.

"రెండు సార్లు ఇతిపిసో చదివినంత."

"నేను కోతలప్పటి నుంచి కూర్చున్నాను" అంది.

 కాసేపటికి వచ్చి నా పక్కన కూర్చుని బియ్యం చెరిగింది. గుడి ఉత్తరాల సంగతి చెప్పాను. "ముందే చెప్పొచ్చు కదా" అంది. చెప్పొచ్చు. చెప్పలేదు. దాని చాప మళ్లీ నా గదిలోకి వచ్చింది.

ఫాయ్, నీ కారణం కూడా వాళ్లకు చదివి వినిపించాను, దారాలూ, పందీ, పుంజూ, అన్నీ. మీ అమ్మ పుంజు దగ్గర ఆపింది. "పాట కడతారనా? వీడి తాత పందెంలో గోచీ పోగొట్టుకుని ఇంటికొచ్చాడు, ఆ పాట నాకిప్పటికీ వచ్చు. ఏం, మేం బతకలేదా?" అంది. సమ్లీ నవ్వలేదు.

దీపం పెట్టాక నలుగురం కూర్చున్నాం. నాలుగోది ఇమ్. పంపించేద్దామంటే సమ్లీ ఉండనిమ్మంది. అప్పుడు నిర్ణయించింది రాస్తున్నాను. థన్వా, ఇది అతనికి చదివి వినిపించు. ఏమీ కలపకు, ఏదీ వదిలెయ్యకు.

రేపు గుడిలో ఫాయ్ పేర పొట్లం ఉండదు. భిక్షువుల భోజనం కాగానే, ఊరంతా అక్కడే ఉంటుంది కాబట్టి, మీ అమ్మ లేచి నిలబడి చెబుతుంది. నా కొడుకు సౌదీ వెళ్లలేదు, మోసపోయాడు, బ్యాంకాకులో బుట్టలు మోస్తున్నాడు, బతికే ఉన్నాడు అని. "నవ్వాలనుకున్నవాళ్లు రేపే నవ్వేసుకోమంటాను. వాడొచ్చేసరికి అందరికీ నోళ్లు నొప్పెట్టాలి" అంది. నేను పక్కన నిలబడతాను.

సమ్లీ నిన్ను తీసుకురావడానికి బ్యాంకాకు రాదు. ఆ మాట అదే చెప్పింది. "అంతంత సేపు కూర్చోవడం వచ్చినవాడికి లేచి నడవడం ఎవరూ నేర్పక్కర్లేదు" అంది. రావద్దని కూడా అనదు. వచ్చే నెల, భిక్షువుల వర్షావాసం ముగిసే పున్నమి దాకా చూస్తుంది. ఆ లోపు వస్తే తిట్లు ఉంటాయి, అన్నం ఉంటుంది. రాకపోతే ఇమ్‌ని తీసుకుని పక్క జిల్లాలో నేత పనికి వెళ్లిపోతుంది. మళ్లీ ఈ ఊరు రాదు.

దీనికి మీ అమ్మ అడ్డు చెబుతుందనుకున్నాను. ఎంతైనా తల్లి. ఆవిడ ఆకుల్ని దొంతర పెట్టి, లేచి, కట్టుకున్న బట్ట అంచు దులుపుకుంది.

"అదెక్కడికి పోతే నేనూ దాంతోనే పోతాను. వాడితో చెప్పు" అంది.

చెప్పాను.

బువాపన్